ఫాంటసీ సినిమాలో కామెడీ ఎందుకు? ఒక పాత ఆపరేటర్ సమాధానం

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. మీ బాబుకి పన్నెండేళ్లు, హైదరాబాద్‌లో చదువు, ఇంగ్లీషు సూపర్ హీరోల సినిమాలు తప్ప ఇంకేం చూడడు. సంక్రాంతికి భీమవరం వస్తున్నారు. ఆ నాలుగు రోజుల్లో వాడికి మన ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ సినిమాలు చూపించాలని మీ కోరిక. చివర్లో ఒక చురక కూడా వేశారు: "మనవాళ్లు ఏది తీసినా చివరికి కామెడీ చేసేస్తారు కదండీ, సీరియస్‌గా తీసింది ఒక్కటైనా ఉందా?"

ముందు సమాధానం చెప్పేస్తాను. మొదటి రోజు 'ఆదిత్య 369', రెండో రోజు 'మాయాబజార్', మూడో రోజు 'ఈగ'. నాలుగో రోజు వాణ్ణి సినిమాలకి దూరంగా వదిలేయండి. ఇక కామెడీ మాట మాత్రం నేనొప్పుకోను. మన ఫాంటసీలో కామెడీ పైన చల్లిన కొత్తిమీర కాదండి, పులుసులో చింతపండు. అది తీసేస్తే మిగిలేది వేణ్ణీళ్లే.

ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, కోనసీమలో ఒక హాల్లో 1984 నుంచి 2012 దాకా నేను ఆపరేటర్‌ని. ఆపరేటర్ సినిమా చూడడు, జనాన్ని చూస్తాడు. క్యాబిన్ గోడకి చిన్న అద్దం కిటికీ ఉంటుంది. రెండు ప్రొజెక్టర్లు, రీలుకి పదకొండు నిమిషాలు. తెరకి కుడివైపు పైమూల చుక్క పడగానే రెండో మిషను అందుకోవాలి. మధ్యలో కార్బన్ కడ్డీలు అరుగుతుంటే దగ్గరికి జరుపుకోవాలి. ఈ పనుల మధ్య అదే బొమ్మ రోజుకి నాలుగాటలు, మూడు వారాలు ఆడితే కథ మీద ధ్యాస పోతుంది. ఏ సీనుకి జనం బయటికెళ్తుంటే తలుపు తెర లేచి బయటి వెలుగు లోపలికొస్తోంది, ఏ సీనుకి బీడీ చేతిలోనే ఆరిపోతోంది, ఇవే కనబడతాయి. నా అభిప్రాయాలన్నీ ఆ తలుపు తెర నేర్పినవే.

మా వైపు జనం సంగతి మీకు తెలియంది కాదు. ఎవడైనా ఒక మాట అన్నాడంటే వెటకారం ఆడకుండా ఒప్పుకోరు. తెర మీద ఒకాయన పొగలోంచి ఊడిపడి "నేను దేవలోకం నుంచి వచ్చాను" అన్నాడనుకోండి, బెంచీలోంచి "ఏ బస్సుకొచ్చావు బాబూ?" అని ఖాయంగా వినబడుతుంది. ఆ ఒక్క మాటకి హాలంతా నవ్విందంటే ఆ దేవుడు ఇక లేవడు, మిగతా పదమూడు రీళ్లూ దండగ. అందుకే నేను చెప్పేది, బెంచీ వాడు నవ్వేలోపు సినిమా తనే నవ్వేయాలి. మనవాళ్లలో తెలివైనవాళ్లు ఇది 1951లోనే కనిపెట్టేశారు.

'పాతాళభైరవి' తీసుకోండి. నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావుని చూస్తే ఇప్పటికీ పిల్లలు జడుస్తారు. అయితే ఆ మాంత్రికుడి శక్తి అంతా ఎక్కడుంది? గడ్డంలో! తోటరాముడి నేస్తం అంజిగాడు మాయమాటలు చెప్పి ఆ గడ్డం గీయిస్తాడు. మంగలి కత్తితో పోయే మంత్రశక్తి అది. అక్కడ నవ్వుతాం, నవ్వుతూనే రూలు నేర్చుకుంటాం: గడ్డం ఉన్నంతసేపే వీడు మొనగాడు. మంత్రానికైనా యంత్రానికైనా ఒక హద్దు ఉండాలి, ఆ హద్దు ప్రేక్షకుడికి నవ్వులో కలిపి పట్టాలి. వసపిట్టలా కూర్చుని ఉపన్యాసం ఇచ్చి చెబితే తలుపు తెర లేస్తుంది.

'మాయాబజార్' (1957) గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఏమీ అనుకోకండి. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి మాటలు, మార్కస్ బార్ట్‌లే కెమెరా. అందరూ 'వివాహ భోజనంబు' పాటలో లడ్లు ఎగిరి నోట్లోకి వెళ్లే ట్రిక్కు గురించే చెబుతారు. అది గొప్పదే. కానీ నా లెక్కలో ఆ సినిమాలో అన్నిటికంటే పెద్ద ట్రిక్కుకి కెమెరాతో పనే లేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాక 'అహ నా పెళ్లియంట' పాట ఉంటుంది కదా, అందులో ఆడగొంతు సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి ఘంటసాల గొంతు వస్తుంది. ఆ క్షణాన సావిత్రిని చూడండి. ఛాతీ విరుచుకుని మగాడిలా నిలబడుతుంది, అంతలోనే సర్దుకుని సిగ్గుపడుతుంది. రూపం శశిరేఖది, లోపల ఉన్నది రాక్షసుడు. ఈ సంగతి ఒక్క మాట అనకుండా, నవ్విస్తూ, నడకతో చెప్పేసింది. మేం పండగలకి పాత బొమ్మలు మళ్లీ వేసేవాళ్లం. ప్రింటు నిండా గీతలు, తెర మీద వాన పడుతున్నట్టుండేది. ఆ వానలో కూడా ఈ పాటప్పుడు ఒక్కడు లేస్తే ఒట్టు.

మీ బాబుకి నచ్చే సంగతి ఇంకొకటుంది. శశిరేఖకి 'ప్రియదర్శిని' అనే పెట్టె ఇస్తారు. మూత తెరిచి చూస్తే, చూసినవాళ్లకి ఎవరంటే ఇష్టమో వాళ్లు కనబడతారు. శశిరేఖకి అభిమన్యుడు కనబడతాడు, ఇద్దరూ అలా చూసుకుంటూ పాటే పాడేసుకుంటారు. 1957లో అది మాయ. ఇవాళ మీ బాబు చూసి "నాన్నా, వీడియో కాల్!" అంటాడు. చివర్లో సత్యపీఠం ఉంది, ఎక్కినవాడు నిజం కక్కాల్సిందే. శకుని ఎక్కి తన కుట్రంతా తనే చెప్పేసుకుంటాడు. లై డిటెక్టర్ కాక ఇంకేమిటండీ అది? పౌరాణికం అని పక్కన పెట్టేస్తాం గానీ, సైన్స్ ఫిక్షన్ చేసే పని అక్కడ సగం జరిగిపోయింది. పైగా అసమదీయులు, తసమదీయులు, గింబళి అంటూ రాక్షసులకి వేరే భాషే పుట్టించారు. వేరే లోకానికి వేరే భాష పుట్టించడం ఇంగ్లీషు వాళ్లకే చేతనవునని మీ వాడు అనుకుంటూ ఉంటే ఇది వినిపించండి.

ఇప్పుడు 'ఆదిత్య 369'. 1991, సింగీతం శ్రీనివాసరావు. కాలయంత్రం ఎక్కి 1526 నాటి విజయనగరానికీ, అక్కణ్ణుంచి 2504కీ వెళ్లే కథ. బాలకృష్ణే ఇప్పటి హీరో, ఆయనే శ్రీకృష్ణదేవరాయలు. దాన్నే ముందు చూపించమనడానికి కారణం ఉంది. యముడన్నా ఘటోత్కచుడన్నా మనకి పరిచయం అక్కర్లేదు, అమ్మమ్మలు ముందే చెప్పి ఉంచారు. టైమ్ మెషిన్ గురించి ఏ అమ్మమ్మా చెప్పలేదు. దాన్ని పల్లెటూరి హాల్లో నమ్మించాలంటే ఎవరో ఒకరు చేయి పట్టుకుని తీసుకెళ్లాలి. ఆ పని జంధ్యాల మాటలు చేశాయి. ఆయనది మన నర్సాపురమే. ఇప్పటి మాటా రాయలవారి కొలువులో మాటా ఎదురుపడినప్పుడల్లా నవ్వు వస్తుంది. ఆ నవ్వులోనే ఐదు వందల ఏళ్ల దూరం ఎంతో తెలిసిపోతుంది. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ ఉండనే ఉన్నాడు.

ఈ సినిమాతో నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. రెండో వారం, రెండో ఆట. బాక్సులోంచి రీళ్లు తీసి వరసగా పేర్చే కుర్రాడు ఆ రోజు రాలేదు, నేనే పేర్చుకున్నాను. నిద్రమత్తులో ఒక జత తారుమారైంది. హీరో హీరోయిన్లు భవిష్యత్తులోకి వెళ్లిపోయిన రీలు ముందు పడింది, విజయనగరం నుంచి బయల్దేరే రీలు తర్వాత పడింది. నాకు గుండె జారిపోయింది. ఇంకేముంది, కుర్చీలు విరుగుతాయి, మేనేజరు పైకొచ్చి బూతులు తిడతాడు అనుకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాను. కేకా లేదు, ఈలా లేదు. ఆట వదిలాక మెట్ల దగ్గర ఒక పెద్దాయన పక్కవాడికి చెబుతున్నాడు: "యంత్రం కదరా, ఓ పాలి ముందుకెళ్లిపోద్ది, ఓ పాలి యెనక్కొచ్చేద్ది. మనం సర్దుకోవాలి." టైమ్ మెషిన్ సినిమాకి ఇంతకంటే మంచి సమీక్ష నేనెక్కడా చదవలేదు. మేనేజరుకి ఇప్పటికీ తెలియదు.

అంటే రూలు వాళ్లకి బాగా ఎక్కేసింది, నా తప్పుని కూడా రూల్లోనే కలిపేసుకున్నారు.

యముడి సినిమాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీకే తెలుసు. 'యమగోల' (1977)లో యమలోకానికి యూనియన్ పట్టుకొచ్చి భటుల చేత సమ్మె చేయిస్తాడు ఎన్టీఆర్. చిత్రగుప్తుడు అల్లు రామలింగయ్య, పాలకొల్లు మనిషి. 'యమలీల' (1994) తీసిన ఎస్వీ కృష్ణారెడ్డి మా తూర్పుగోదావరి వాడే. భవిష్యవాణి పుస్తకం జారి భూమ్మీద పడుతుంది, అది ఆలీకి దొరుకుతుంది, అందులో వాళ్లమ్మ చావు రాసి ఉంటుంది. అంతవరకూ నవ్విన హాలు ఆ పేజీ దగ్గర టక్కున ఆగిపోయేది. ముందు నవ్వించకపోతే ఆ ఆగడం ఉండదు. రేలంగి దగ్గర్నుంచి లెక్కేసుకుంటే, మన ఫాంటసీల్లో నవ్వు బరువు మోసినవాళ్లలో చాలామంది ఈ కాలవల మధ్య పుట్టినవాళ్లే. గొప్ప కోసం చెప్పడం లేదు. వెటకారం పండే నేలలో దానికి విరుగుడు కూడా పండుతుంది కదా.

ఇప్పుడు మీరు తెలివిగా అడగొచ్చు: మరి నవ్వే లేకుండా నిలబడ్డవి లేవా? ఉన్నాయి. పాలకొల్లు కోడి రామకృష్ణగారి 'అమ్మోరు' (1995). అది ఆడినన్నాళ్లూ మా హాల్లో తెర ముందు కొబ్బరికాయలు కొట్టారు. కొందరు ఆడవాళ్లకి పూనకాలొచ్చేవి. గేటు దగ్గర వేపమండలు, పసుపునీళ్లు. వెటకారం గొంతు ఒక్కటి లేవలేదు. ఎందుకంటే అమ్మవారిని నమ్మించే పని సినిమాకి లేదు, ఊరి పొలిమేరలో గుడి ఎప్పుడో చేసిపెట్టింది. భక్తో భయమో ముందే ఉంటే నవ్వు అక్కర్లేదు. ఏదీ లేనిచోట నవ్వే దారి. సైన్స్ ఫిక్షన్‌కి మన దగ్గర గుడి లేదు, అదీ దాని కష్టం. అదే దర్శకుడి 'అరుంధతి' (2009) కూడా భయం మీద నిలబడిందే. మంచి సినిమా, కానీ పన్నెండేళ్ల వాడికి పండగ రాత్రి వద్దు. పెరట్లోకి వెళ్లడానికి తోడు రమ్మంటాడు.

'జగదేకవీరుడు అతిలోకసుందరి' పేరు చాలామంది మీకు ముందే చెప్పి ఉంటారు. 1990 మే 9న విడుదల, అదే రోజు కోస్తాని తుపాను కొట్టింది. మా హాలుకి బొమ్మ నెల తర్వాత వచ్చింది. అప్పటికీ బెంచీల పైన కప్పు రేకులు కొన్ని లేచిపోయే ఉన్నాయి, ఓనరు ఇంకా వేయించలేదు. మొదటాట వెయ్యడానికి లేదు, వెలుతురు పోవాలి. చీకటి పడ్డాక వేసేవాళ్లం. దేవకన్య ఇంద్రజగా శ్రీదేవి ఆకాశం నుంచి దిగే సీనప్పుడు బెంచీలో కుర్రాళ్లు తెర వదిలేసి తలెత్తి పైకి చూసేవారు. పైన నిజం చుక్కలు. ఉంగరం పోతే తిరిగి స్వర్గానికి వెళ్లలేదు, అదే ఆ కథకి హద్దు. హద్దు చిన్నది, తేలిగ్గా గుర్తుంటుంది. అయితే మీ బాబుకి పాటలు ఎక్కువనిపిస్తాయి. మీరూ మీ ఆవిడా చూసుకోండి.

'ఈగ' (2012) వచ్చేసరికి మా దగ్గర రీళ్లు పోయాయి. నేను బటన్ నొక్కేవాణ్ణి అయ్యాను, అదే నా ఆఖరి ఏడాది. చచ్చిపోయినవాడు ఈగగా పుట్టి పగ తీర్చుకోవడం అనేది ఎవరికి చెప్పినా నవ్వే కథ. దాన్ని తీసిన రాజమౌళిగారి కొవ్వూరు కుటుంబం తెలివల్లా ఏమిటంటే, ఆ నవ్వుని దాచలేదు. ఈగకి పెద్ద శక్తులేం రావు, అది ఈగే. సూక్ష్మ కళాకారిణి అయిన హీరోయిన్ దానికి వేలెడు కూడా లేని సామాన్లు చేసిపెడుతుంది. సుదీప్ ఆ ఈగ వెనక పడి నానా అవస్థలు పడుతుంటే, దోమతెర లేకుండా కన్ను మూయలేని మా ఊరివాళ్లకి అది ఫాంటసీ అనిపించలేదు, రోజూ పడేదే. సూపర్ హీరోలంటే పడిచచ్చే పిల్లవాడికి ఇది బాగా ఎక్కుతుంది. బలం లేనివాడు గెలవడం చూస్తాడు.

మరి ఏవి పోతాయంటారా? కామెడీని విడిగా కట్టి పెట్టినవి. 'ట్రాక్' అంటారు కదా. కథ ఒకచోట జరుగుతుంటుంది, ఇద్దరు కమెడియన్లు ఇంకోచోట కొట్టుకుంటుంటారు. జనం నవ్వుతారు, కాదనను. కానీ ట్రాక్ అయిపోయి మంత్రం మొదలవగానే తలుపు తెర లేచేది. నవ్వు ఎక్కడుందో మనిషి అక్కడుంటాడు, మంత్రం దగ్గర ఎందుకుంటాడు? ఇలాంటివి ఎన్ని వేశానో లెక్కలేదు, పేర్లు చెప్పి ఎవరినీ నొప్పించను.

కొత్తవాటి మీద నా మాట, ఇప్పుడు ఇంట్లో టీవీలో మనవలతో చూసినవి. 'హనుమాన్' (2024)లో మణి ఎండ ఉన్నప్పుడే పనిచేస్తుంది. చక్కటి హద్దు, మొదటి సగంలో నవ్వు కూడా కుదిరింది. పిల్లలకి నిశ్చింతగా పెట్టొచ్చు. 'ఒకే ఒక జీవితం' (2022)లో ముగ్గురు స్నేహితులు 1998కి వెళతారు, ఒకడు చనిపోయిన తల్లిని చూడ్డానికి. మన సైన్స్ ఫిక్షన్‌లో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి. అందరూ దాన్ని ఏడుపు సినిమా అంటారు గానీ, వెన్నెల కిషోర్, ప్రియదర్శి లేకపోతే ఆ ఏడుపు గొంతు దిగదు. 'కల్కి 2898 ఏడీ' (2024) మీద మాత్రం నాకూ మా పెద్ద మనవడికీ గొడవ. మొదటి సగంలో హీరో, మాట్లాడే కారు ఆడే సరసాలు నాకు అతకలేదు, కథని పక్కన పెట్టి నవ్వించాలని చూశారు, అది మళ్లీ ట్రాకే. వాడు ఒప్పుకోడు. అమితాబ్ అశ్వత్థామ దగ్గర ఇద్దరికీ రాజీ. గంగ ఎండిపోయిన కాశీని చూపించినప్పుడు మాత్రం నాకు కాసేపు మాట రాలేదు. వేసవిలో మరమ్మతులకని కాలవ కట్టేస్తేనే, అడుగున బురద, చెప్పులు, సీసాలు తేలి, ఊరు ఊరులా ఉండదు.

ఒక జాగ్రత్త. ఎనభైల, తొంభైల ఫాంటసీ కామెడీల్లో కొన్ని జోకులు ఇప్పుడు పిల్లల ముందు వినలేం. లావుగా ఉన్నవాళ్ల మీద, నల్లగా ఉన్నవాళ్ల మీద, ఆడవాళ్ల మీద. అప్పట్లో హాలంతా నవ్వింది, క్యాబిన్‌లో నేనూ నవ్వాను. యముడి సినిమాలు పెట్టేముందు మీరొకసారి చూసి పెట్టండి. స్వర్గం సెట్టు పడిందంటే డాన్సు పాట ఉంటుంది, రిమోట్ దగ్గర పెట్టుకోండి.

ఇక చూపించే పద్ధతి. 'ఆదిత్య 369' నెమ్మదిగా మొదలవుతుంది, యంత్రం కదిలేదాకా మీ వాడు ఫోన్ వదలడు. ఆ టైములో జంతికలు, పోకుండలు ముందు పెట్టండి, చేతులు ఖాళీ ఉండవు. 'మాయాబజార్' రంగుల్లోది కూడా ఉంది, 2010లో వచ్చింది. నాకైతే నలుపు తెలుపే ఇష్టం, కానీ వాడికి రంగులదే పెట్టండి, పట్టుదలలకి పోకండి. పౌరాణికం అని, మన సంస్కృతి అని ముందు ఏమీ చెప్పకండి. చెబితే లేచి వెళ్లిపోతాడు, నేనైనా వెళ్లిపోతాను. వీలైతే మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టండి. గింబళి వచ్చేసరికి ఆవిడే ముందు నవ్వుతారు, ఎందుకు నవ్వుతున్నావు నానమ్మా అని వాడు అడుగుతాడు.